కాపాడలేకపోవడమూ, కీడు చేయడమూ: తెలుగు తెర మీద పరిశోధకుడి అంతరాత్మ గురించి ఒక సంవాదం

నేర పరిశోధన చిత్రం చూసే ప్రేక్షకుడు చాలాకాలం ఒక్క ప్రశ్నతోనే కుర్చీలో కూర్చునేవాడు, హంతకుడెవరన్నదే ఆ ప్రశ్న. 2020 ఫిబ్రవరి 28న విడుదలైన ‘హిట్: ద ఫస్ట్ కేస్’ దాని పక్కన మరొక ప్రశ్నను చేర్చింది: వెతుకుతున్నవాడి మనసుకు ఏమైంది? శైలేష్ కొలను రచించి, దర్శకత్వం వహించి, నటుడు నాని సమర్పణలో వాల్ పోస్టర్ సినిమా సంస్థ ద్వారా వచ్చిన ఈ చిత్రంలో కథానాయకుడు విక్రమ్ రుద్రరాజు, తెలంగాణ పోలీసు శాఖలో హత్యా నేరాలను దర్యాప్తు చేసే ఒక కల్పిత విభాగానికి చెందిన అధికారి. విశ్వక్ సేన్ పోషించిన ఈ అధికారికి గతంలో కళ్లెదుట జరిగిన ఒక ఘోరం వదలకుండా వెంటాడుతుంది. మంట కనిపిస్తే ఊపిరి ఆడదు, చేతులు వణుకుతాయి, ఉద్యోగం మానుకోవడమే మంచిదని వైద్య సలహా అందుతుంది. సెలవులో ఉండగా అతని ప్రియురాలు కనిపించకుండా పోతుంది, అప్పటికే హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద మాయమైన మరొక అమ్మాయి కేసుతో ఆ వెతుకులాట ముడిపడుతుంది. అతని స్థితిని చిత్రం పీటీఎస్‌డీ అని పేర్కొంటుంది. భరించరాని ఘటనకు గురైనవారికి అది గడిచిపోయిన జ్ఞాపకంగా మిగలక, ఇప్పుడే జరుగుతున్నట్లుగా మళ్లీ మళ్లీ కమ్ముకొచ్చే మానసిక వ్యాధి ఇది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగ నిర్ధారణ గ్రంథం మూడవ కూర్పులో, 1980లో, దీనిని ఈ పేరుతో చేర్చింది.

ఈ పాత్ర తెలుగు సినిమాకు ఏమిచ్చింది, ఏమి ఇవ్వకుండా వదిలిపెట్టింది అన్న విషయం మీద ఇక్కడ ఇద్దరు వాదించుకుంటారు. ఒకరు తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసిన మాస్టారు, రెండవవారు నరసాపురం కోర్టులో క్రిమినల్ కేసులు వాదించే ప్లీడరుగారు. ఇద్దరూ కల్పిత వ్యక్తులే. వాదానికి మొగల్తూరును వేదికగా ఎంచుకోవడానికి కారణం ఉంది. 1940లో ఉప్పలపాటి కృష్ణంరాజు, 1955లో చిరంజీవి పుట్టిన ఊరు ఇది. జంధ్యాల పుట్టిన నరసాపురం, కోడి రామకృష్ణ పుట్టిన పాలకొల్లు రెండూ దగ్గరలోనివే. తెర మీద నాయకుడు తప్పు చేయవచ్చా అన్న ప్రశ్న, నాయకులను ఇంతమందిని ఇచ్చిన ఈ గోదావరి డెల్టా మూలలో బాగా లోతుగా తగులుతుంది.

మాస్టారు: విక్రమ్ ఎంత కొత్తవాడో తెలియాలంటే అతని కంటే ముందు వచ్చినవారిని ఒకసారి చూడాలండీ, ప్లీడరుగారూ. కొమ్మూరి సాంబశివరావు నవలల్లోని డిటెక్టివ్ యుగంధర్‌ని రెండు తరాల పాఠకులు ప్రేమించారు. ఆయనకు తెలివి ఉంది, ధైర్యం ఉంది, కాని రాత్రి నిద్ర పట్టిందా అని ఏ పాఠకుడూ అడగలేదు, అడగవలసిన అవసరం ఆ కథలకు లేదు. 1986లో మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల ‘చంటబ్బాయ్’ తీసినప్పుడు, ఈ ఊరి బిడ్డ చిరంజీవి వేసిన పాండురంగారావు పరిశోధకుడి దర్పాన్ని నవ్వుగా మార్చాడు. మూడేళ్లకు కోడి రామకృష్ణ ‘అంకుశం’లో రాజశేఖర్ పోలీసు కోపానికి రూపం ఇచ్చారు, ఆ అధికారికి తీరని నష్టం జరుగుతుంది, అయితే ఆ నష్టం జరిగిన మరుక్షణమే శత్రువు మీద ఆగ్రహంగా మారుతుంది తప్ప తన మీదికి తిరగదు. తెలివి, నవ్వు, కోపం, ఈ మూడింటి తర్వాత తనను తాను నిందించుకునే మనిషి రావడానికి ఇంతకాలం పట్టింది. నాయకుడి శరీరం నాయకుడి మాట వినకపోవడాన్ని తెలుగు ప్రేక్షకుడు ఓపికగా, జాలితో చూశాడంటే అది చిన్న మార్పు కాదు.

ప్లీడరుగారు: మార్పు జరిగిందన్నది కాదనలేని విషయమే, మాస్టారూ. కాని ఏ నిందితుడి విషయంలోనైనా కోర్టు మొదట అడిగేది అతను ఏం చేశాడని. విక్రమ్‌ని అదే ప్రశ్న అడిగితే ఏమీ చేయలేదన్న జవాబే వస్తుంది, కాపాడలేకపోయాడు, అంతే. ‘శేఖర్’ సంగతీ ఇంతే. 2018లో మలయాళంలో వచ్చిన ‘జోసెఫ్’ను జీవిత దర్శకత్వంలో 2022లో తెలుగులోకి తెచ్చారు, ‘అంకుశం’లో కోపంతో రగిలిన రాజశేఖరే అందులో నెరిసిన గడ్డంతో, మందుకు బానిసై, ఇంటికి దూరమైన మాజీ పోలీసుగా కనిపించారు. ఒకే నటుడి ముఖం మీద ముప్పై మూడేళ్ల మార్పు చూడడం కదిలించే అనుభవమే. కాని అక్కడ కూడా ఉన్నది పోగొట్టుకున్నవాడి బాధ. హిందీలో రీమా కాగ్తీ 2012లో తీసిన ‘తలాష్’లో ఆమిర్ ఖాన్ వేసిన ఇన్‌స్పెక్టర్ సుర్జన్ సింగ్ షెకావత్, నీళ్లలో మునిగి చనిపోయిన కొడుకు గురించే కుమిలిపోతాడు. ఈ ముగ్గురినీ క్షమించడానికి ప్రేక్షకుడికి ఏ కష్టమూ లేదు, ఎందుకంటే క్షమించవలసిన పని ఏదీ వాళ్లు చేయలేదు. ఖర్చు లేకుండా వచ్చే సానుభూతి అది, నాయకుడి గొప్పతనానికి ఇంకొక అలంకారం.

మాస్టారు: ఆ మాట అన్యాయమండీ. షెకావత్ రాత్రంతా కారులో ఒంటరిగా తిరుగుతూ, ఆ రోజు పిల్లవాణ్ణి ఆడుకోవడానికి పంపకుండా ఉండి ఉంటే ఏమయ్యేదని ఒకదాని తర్వాత ఒకటిగా ఊహించుకుంటాడు. ప్రతి ఊహలోనూ కొడుకు బతుకుతాడు. అలంకారం కోసం పెట్టిన దృశ్యం కాదు అది, మనసు నిజంగా పనిచేసే తీరు. ప్రమాదంలో తోటివారు పోయి తాను మిగిలినవాడు తన బతుకునే తప్పుగా భావించడాన్ని మనస్తత్వ శాస్త్రం చాలాకాలంగా గుర్తించింది. ఘటనకు కారణం తానేనని అవాస్తవంగా తనను నిందించుకోవడాన్ని రోగ నిర్ధారణ గ్రంథం 2013 నాటి అయిదవ కూర్పు పీటీఎస్‌డీ లక్షణాల్లో స్పష్టంగా చేర్చింది. హిచ్‌కాక్ 1958లో తీసిన ‘వెర్టిగో’లో స్కాటీ అనే డిటెక్టివ్ ఇంటి కప్పు అంచున వేలాడుతుండగా, అతనికి చేయి అందించబోయిన పోలీసు కిందపడి చనిపోతాడు, ఆ తర్వాత స్కాటీ చేసే ప్రతి పనిలోనూ ఆ పతనం ఉంటుంది. చట్టం అతణ్ణి ఏమీ అనదు. చట్టం ఏమీ అనని చోట కూడా మనిషి తనను తాను ప్రశ్నించుకున్నాడంటే, అంతరాత్మ ఉన్నట్టు గదండీ!

ఇంతవరకు మాస్టారి పక్షమే బలంగా కనిపిస్తుంది. అపరాధ భావనకు అపరాధం ఉండి తీరాలన్న నియమం మనిషి మనసుకు లేదు, బిడ్డను పోగొట్టుకున్న ఏ తల్లిదండ్రులైనా ఆ సంగతికి సాక్షులే. అయితే ప్లీడరుగారు ఆ భావన నిజమా కాదా అని అడగడం లేదు. అది కథలో ఏ పని చేస్తున్నదో అడుగుతున్నారు, వాదం అసలు బరువు అక్కడినుంచి మొదలవుతుంది.

ప్లీడరుగారు: మనస్తత్వ శాస్త్రమే ఇంకొక సంగతి కూడా చెప్పింది, మాస్టారూ. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు చికిత్స చేసిన జోనాథన్ షే అనే వైద్యుడు, వాళ్ల బాధ అంతా భయం వల్ల వచ్చింది కాదని గమనించి 1990లలో దానికి నైతిక గాయం అని పేరు పెట్టారు. సరైనదని నమ్మినదాన్ని అధికారంలో ఉన్నవారు వంచించినప్పుడు కలిగే గాయం అని ఆయన వివరించారు. తర్వాతి పరిశోధకులు, మనిషి తన చేతులతో తానే ఆ వంచన చేసినప్పటి స్థితిని కూడా అందులో చేర్చారు. పోలీసు ఉద్యోగంలో ఈ రెండవ రకం గాయానికి చోటు ఎక్కువ. పైనుంచి ఒత్తిడి, పత్రికల గోల, వారంలోగా నిందితుణ్ణి చూపించాలన్న గడువు, వీటి మధ్య దొరికినవాణ్ణి దోషిగా నిలబెట్టే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. తెలుగు తెర మీది పరిశోధకుడు మాత్రం ఆ గాయాన్ని ఎరగడు. పైపెచ్చు అతని బాధ అతనికి అనుమతిపత్రం అవుతుంది. విక్రమ్ అనుమానితుల మీద విరుచుకుపడినప్పుడు ప్రేక్షకుడు భయపడడు. పాపం, ఎంత బాధలో ఉన్నాడో అనుకుంటాడు. అదే చిత్రంలో మురళీ శర్మ వేసిన ఇబ్రహీం అనే ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. మాయమైన అమ్మాయిని రోడ్డు మీద చివరిగా చూసినందుకు సస్పెండై, అనుమానానికి గురై, విచారణ ఎదుర్కొంటాడు. అతను దోషి కాదని తేలిన తర్వాత కథ అతని వైపు ఎన్నిసార్లు తిరిగి చూసింది?

మాస్టారు: కథకు గమ్యం వేరు. అడుగడుగునా ఆగి ప్రతి అనుమానితుడికీ క్షమాపణ చెబుతూ పోతే థ్రిల్లర్ ముందుకు సాగదు. సినిమాను సాక్ష్యాధారాల చట్టం చేత్తో పట్టుకుని చూడకూడదండీ.

ప్లీడరుగారు: ఆ చట్టం కూడా ఒక కథ నుంచి పుట్టిందే. పోలీసు అధికారి ముందు నిందితుడు నేరం ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు అతని మీద సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అది 23వ సెక్షన్ అయింది. లాకప్పులో దెబ్బలకు ఏ మనిషైనా ఏ నేరమైనా ఒప్పుకుంటాడన్న అనుభవం దాని వెనుక ఉంది. డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో అరెస్టుకు సంబంధించిన నియమాలు పెట్టింది, 2020 డిసెంబరులో ప్రతి పోలీసు స్టేషన్‌లోనూ సీసీ కెమెరాలు ఉండాలని మరొక కేసులో ఆదేశించింది. కల్పన సంగతి పక్కన పెట్టి, ఇక్కడికి దూరంలో లేని ఒక నిజం చూడండి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. రాష్ట్రం అట్టుడికిపోయింది. మరుసటి ఏడాది ఒక పేద యువకుణ్ణి అరెస్టు చేశారు, 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది, 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. ఆ తర్వాత హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులకు న్యాయం అందలేదు, యౌవనం పోగొట్టుకున్న కొడుకును చూసుకున్న తల్లికీ అందలేదు. ఇటువంటి కేసులో దర్యాప్తు చేసిన ఒక అధికారి, కల్పితుడైనా సరే, తీర్పు విన్న రాత్రి ఏం చేసి ఉంటాడు? ఆ మనిషి మీద తెలుగులో చెప్పుకోదగ్గ థ్రిల్లర్ ఏది?

ఈ ప్రశ్నను దాటిపోవడం తేలిక కాదు, మాస్టారు దాటిపోవడానికి ప్రయత్నించరు కూడా. ఆయన సమాధానం మరొక దారిలో వస్తుంది. సినిమాను చట్టంతో కొలవవద్దన్న తన మాటను వెనక్కి తీసుకోకుండానే, సాహిత్యం వైపు నుంచి అదే చోటికి చేరతారు.

మాస్టారు: చేసిన కీడు మనిషిని వెంటాడే కథ తెలుగువారికి కొత్త కాదండీ. దశరథుడు చీకట్లో, నీళ్లు ముంచుకుంటున్న కడవ చప్పుడు విని ఏనుగు అనుకుని బాణం వేశాడు. కంటితో చూడకుండా చప్పుడును నమ్మి గురి తప్పకుండా కొట్టగల విద్య ఆయన గర్వం. ఆ నేర్పే ఒక ముని కుమారుణ్ణి చంపింది. ఆయన ఆ నీళ్లు పట్టుకుని గుడ్డి తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లి తానే చంపానని చెప్పాడు, ఎన్నో ఏళ్ల తర్వాత రాముడు అడవికి పోయాక, ప్రాణం పోయే రాత్రి కౌసల్యకు ఆ సంగతి మొదటినుంచి చెప్పుకున్నాడు. పొరపాటున ఒకరిని దోషిగా నిలబెట్టిన దర్యాప్తు అధికారి కథ ఇదే. ఆధారం చూడకుండా అలికిడిని నమ్మడం, నేర్పు మీద మితిమీరిన నమ్మకం, ఆ తర్వాత ఒక ఇంటి గుమ్మం ముందు నిలబడవలసి రావడం, అన్నీ ఉన్నాయి. కనుక ప్రేక్షకుడికి అర్థం కాదన్న భయం లేదు. ఉన్న చిక్కు వేరు. దశరథుడు చక్రవర్తి కావచ్చు, ఆ కథకు నాయకుడు కాడు. తెలుగు సినిమా నాయకుడి భుజాల మీద టికెట్టు, అభిమాన సంఘం, పుట్టినరోజు కటౌట్ అన్నీ ఉంటాయి. ‘బొబ్బిలి బ్రహ్మన్న’లో ఊరి తగవులు తీర్చే పెద్దగా కృష్ణంరాజు నిలబడితే ఆయన మాటే తీర్పని హాలంతా నమ్మింది, ఆ నటనకు నంది బహుమతి వచ్చింది. ఆ నమ్మకం మీద కట్టిన పరిశ్రమలో నాయకుడి తీర్పు తప్పని చూపించడానికి ఎవరు పెట్టుబడి పెడతారు?

ప్లీడరుగారు: పెట్టినవాళ్లు ఉన్నారు, మాస్టారూ. గోవింద్ నిహలానీ 1983లో ‘అర్ధ్ సత్య’ తీశారు. ఓం పురి వేసిన సబ్ ఇన్‌స్పెక్టర్ అనంత్ వెలంకర్, అవమానాలతో రగిలిపోతూ, తాగిన మత్తులో ఒక చిల్లర దొంగను లాకప్పులో కొట్టి చంపుతాడు. ఆ క్షణం నుంచి అతను మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్నకు సుఖమైన జవాబు ఉండదు. ఆ చిత్రాన్ని జనం చూశారు, ఓం పురికి జాతీయ బహుమతి వచ్చింది. క్రిస్టఫర్ నోలన్ 2002లో తీసిన ‘ఇన్‌సోమ్నియా’ నార్వే చిత్రానికి అనుసరణ. అందులో అల్ పచీనో అంత పెద్ద నటుడు, వెనకటి ఒక కేసులో దొంగ సాక్ష్యం సృష్టించిన డిటెక్టివ్‌గా, అలాస్కా పొగమంచులో తోటి అధికారిని కాల్చి దాన్ని దాచిపెట్టిన మనిషిగా నటించారు. సూర్యుడు అస్తమించని ఆ ఊళ్లో అతనికి నిద్ర పట్టదు. ఎవరినో కాపాడలేకపోయిన దుఃఖం కాదది, తాను చేసిందే తన రెప్పలు మూతపడనివ్వదు. చివరికి గుంటూరు సంగతే చూడండి. తమిళ కూలీలను ఆంధ్రా పోలీసులు పట్టుకుని, చేయని దొంగతనం ఒప్పుకోమని చావబాదిన అనుభవాన్ని కోయంబత్తూరు ఆటో డ్రైవరు ఎం. చంద్రకుమార్ నవలగా రాస్తే, వెట్రిమారన్ 2015లో ‘విసారణై’గా తీశారు. తెలుగు గడ్డ మీది పోలీసు స్టేషన్ కథ తమిళంలో వచ్చి, భారతదేశం తరఫున ఆస్కార్‌కు వెళ్లింది. ఆ కథ తెలుగువారు ముందు చెప్పవలసింది.

మాస్టారు: తెలుగువారు కదలలేదనడం కూడా సరి కాదు. ‘హిట్’ నిర్మించిన వాల్ పోస్టర్ సినిమా సంస్థే 2025 మార్చిలో ‘కోర్ట్’ను విడుదల చేసింది. పోక్సో, అంటే మైనర్ పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం కింద అన్యాయంగా ఇరుక్కున్న ఒక పేద కుర్రాడి కథ అది. పెద్ద తార ఎవరూ లేకపోయినా ఊళ్లలో హాళ్లు నిండాయి. తప్పుడు కేసులో నలిగినవాడి వైపు నుంచి చూడడం తెలుగు ప్రేక్షకుడికి వచ్చేసింది. ఒక సంస్థ అయిదేళ్లలో గాయపడిన పోలీసు నుంచి గాయపడిన నిందితుడి దాకా నడిచింది.

ప్లీడరుగారు: ‘కోర్ట్’ మంచి ప్రయత్నం, అందులో సందేహం లేదు. అయితే అక్కడ కేసు అల్లినవాడు పరువు పిచ్చితో రగిలే ఒక బంధువు. పోలీసులు అతని చేతిలో పనిముట్లు, వాళ్ల లోపలికి కెమెరా వెళ్లలేదు. చెడ్డవాడు ఒకడు దొరికాక వ్యవస్థలో పనిచేసే మామూలు మనిషి తప్పించుకుంటాడు. ఇక అదే సంస్థ ‘హిట్’ వరుసను ఎటు నడిపిందో చూడండి. 2022లో అడివి శేష్ వేసిన కృష్ణదేవ్ నేరస్థుల తెలివిని చులకన చేసే ఆత్మవిశ్వాసంతో మొదలవుతాడు. 2025 మే 1న వచ్చిన మూడవ భాగంలో నాని వేసిన అర్జున్ సర్కార్ నేరస్థులను తన చేతులతోనే చంపుతాడు. మొదటి చిత్రంలో వణికిన చేయి మూడవ చిత్రానికి వణకడం మానేసింది. విక్రమ్ రావడం చిన్న మార్పు కాదని మీరన్నారు. ఆ మార్పులోంచి బయటికి వచ్చినవాడు ఇతను.

ఇక్కడ రచన ఒక పక్షం తీసుకోక తప్పదు. మూడవ భాగానికి మొదటి భాగాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. విక్రమ్ ఊపిరాడక గోడకు చేరగిలబడిన దృశ్యాల విలువ ఆ తర్వాత వచ్చిన రక్తపాతం వల్ల తగ్గదు. కాని ప్లీడరుగారు చూపించిన ఖాళీ నిజమైనది, పెద్దది. నాయకుడు బాధపడగలడని తెలుగు సినిమా ఒప్పుకుంది. నాయకుడు అమాయకుడికి కీడు చేయగలడని, ఆ కీడు దిద్దుకోలేనిదని ఒప్పుకోలేదు. మొదటిది ఒప్పుకోవడానికి నటుడి ప్రతిభ చాలు. రెండవది ఒప్పుకోవాలంటే, బలమైనవాడి ఊహ తప్పదన్న పాత నమ్మకాన్ని ప్రేక్షకుడూ, నిర్మాతా కలిసి వదులుకోవాలి.

మాస్టారు: అలాంటి చిత్రం రావాలన్న కోరికలో తేడా లేదండీ, ప్లీడరుగారూ. భయం ఒక్కటే. రేపు ఎవరైనా ఆ అధికారి కథ తీస్తే, పశ్చాత్తాపంతో కుమిలే ఆయన ముఖం మీదే రెండున్నర గంటలూ కెమెరా నిలిచిపోతుంది. జైలుకెళ్లినవాడు మొదటి అరగంటలో ఒకసారి, చివర్లో ఒకసారి కనిపిస్తాడు. అప్పుడు చేసిన తప్పు కూడా నాయకుడికి ఇంకొక అలంకారం అయిపోతుంది, ఇందాక మీరన్నట్టే.

ప్లీడరుగారు: ఆ భయం సరైనదే, మాస్టారూ. అందుకే ఆ చిత్రంలో సగం ఆ కుర్రాడిది కావాలి. రిమాండు పొడిగించిన ప్రతి తేదీ, ములాఖత్‌కు రావడానికి తల్లి బస్సు ఛార్జీకి చేసిన అప్పు, బెయిలుకు జామీను దొరకని నెలలు, విడుదలైన రోజు ఊళ్లో పని ఇవ్వడానికి వెనకాడినవాళ్లు, ఇవన్నీ అధికారి నిద్రలేమికి ముందు రావాలి. ఆయన మంచం మీద దొర్లుతున్న దృశ్యం ఆ తర్వాత వస్తే, ప్రేక్షకుడు జాలి పడాలా వద్దా అన్నది తనంత తాను తేల్చుకుంటాడు.

మాస్టారు: ఆ క్రమం ఒప్పుకోవలసిందే. అలాగైతే ఆ కుర్రాడి పాత్రకు కూడా అధికారి పాత్రకు ఇచ్చినంత పేరున్న నటుణ్ణే పెట్టాలండీ.